ఏసీ, ఫ్రిజ్ మెకానిక్ బండి సర్దుకునే పద్ధతి: ఓరుగల్లు ఎండలకూ ఊళ్ల దారులకూ తట్టుకునేలా

హన్మకొండ నయీంనగర్‌లో నాలుగో అంతస్తు మీద, మధ్యాహ్నం రెండు గంటలకు ఏసీ ఔట్‌డోర్ యూనిట్ విప్పి కూర్చున్నారనుకోండి. సర్వీస్ వాల్వు తిప్పాలంటే 5 మి.మీ. ఎలెన్ కీ (ఆరు పలకల పానా) కావాలి. అది కింద బండిలో ఉంది. బండిలో ఏ మూలన ఉందో ఎవరికీ తెలియదు. హెల్పర్ పిలగాడు దిగి, వెతికి, ఫోన్ చేసి, దొరికించుకుని మళ్లీ ఎక్కేసరికి పావుగంట. రోజుకు ఇట్లాంటివి నాలుగు జరిగితే గంట పోయినట్టే. ఏప్రిల్, మే నెలల్లో ఆ గంటకు ఒక స్ప్లిట్ ఏసీ వాటర్ సర్వీసు అయిపోతుంది.

బండి సర్దడంలో చూడాల్సినవి రెండే. ఒకటి, పని మొదలయ్యాక బండి దగ్గరికి తిరిగి వచ్చే సార్లు తగ్గాలి. రెండు, బండిలోని సామాను మన ఎండకూ కుదుపుకూ దుమ్ముకూ చెడిపోకూడదు. అరలు ఎంత నున్నగా ఉన్నాయి, డబ్బాలు ఏ కంపెనీవి అన్నది ఆ తర్వాతి మాట. కింద చెప్పినవన్నీ టాటా ఏస్ లాంటి చిన్న ట్రాలీని మనసులో పెట్టుకుని చెప్పినవి. మారుతీ ఈకోకూ చాలావరకు పనికొస్తాయి, తేడా ఉన్నచోట చెప్పాం.

మొదటి మెట్టు: రెండు వారాలు రాసుకోండి

అరలు కొట్టించడానికి వడ్రంగిని పిలిచే ముందు చేయాల్సిన పని ఇది. బండి వెనక తలుపుకు ఒక చిన్న నోటు పుస్తకం, పెన్ను కట్టండి. పని మధ్యలో ఎవరు దేని కోసం బండి దగ్గరికి వచ్చినా ఒక్క ముక్క రాయాలి: ఏ వస్తువు, ఏ పని. అంతే.

రెండు వారాల తర్వాత చూస్తే పుస్తకంలో పెద్ద పనిముట్లు తక్కువగా కనిపిస్తాయి. ఎక్కువసార్లు ఉండేవి ఇన్సులేషన్ టేపు, ఎలెన్ కీలు, చిన్న స్క్రూలు, పాత గుడ్డ, ఎక్స్‌టెన్షన్ బోర్డు, టార్చిలైటు. మూడుసార్లకు మించి వచ్చిన ప్రతి వస్తువూ చేతి సంచిలోకి పోవాలి. నెల రోజులైనా ముట్టనిది షాపులో ఉండాలి, బండిలో కాదు. ఈ రాత పని చేయకుండా అరలు కొట్టిస్తే ఆ అరలు పాత గందరగోళాన్నే నిలువుగా పేరుస్తాయి.

తర్వాత ఒక ఆదివారం టార్పాలిన్ పరిచి మొత్తం దింపండి. నాలుగు కుప్పలు పెట్టండి: ప్రతి పనికీ పైకి పోయేవి, కొన్ని పనులకే పోయేవి, స్పేర్లు, ఇక షాపుకు పోవాల్సినవి. నాలుగో కుప్పలో కాలిన పీసీబీలు (సర్క్యూట్ బోర్డులు), పాత కంప్రెసర్లు, సగం ఇనుప స్టాండ్లు తేలతాయి. వాటితోనే బండి యాభై, అరవై కిలోలు ఊరికే మోస్తుంటుంది.

రెండో మెట్టు: బరువు లెక్క

బండి ఆర్‌సీలో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి మొత్తం బరువు రెండూ రాసి ఉంటాయి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే వచ్చేదే మోయగలిగిన బరువు, అందులోనే మనుషుల బరువు కూడా కలుస్తుంది. సామాను సర్దాక ఒకసారి ధర్మకాంటా మీద ఎక్కించి చూసుకోండి. కొద్ది ఖర్చుతో సందేహం తీరుతుంది.

చాలామంది మర్చిపోయే బరువు నీళ్లది. వాటర్ సర్వీసు కోసం 100 లీటర్ల డ్రమ్ము నింపితే అచ్చంగా 100 కిలోలు. అది వెనక తలుపు దగ్గర పెడితే ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగు తేలికై, గుంతల్లో ముందు భాగం ఊగుతుంది. బరువైనవన్నీ, అంటే నీళ్లు, నైట్రోజన్ సిలిండర్, వ్యాక్యూమ్ పంపు (పైపుల్లోని గాలిని, తేమను లాగేసేది), ఔట్‌డోర్ యూనిట్లు వెనక ఇరుసుకు ముందువైపు, నేలకు దగ్గరగా ఉండాలి. పై అరల్లో టేపులు, ఇన్సులేషన్, కవర్లు లాంటి తేలికవి. కుడి ఎడమల తేడా కూడా చూడండి. సిలిండర్లన్నీ ఒకే పక్కన ఉంటే ఆ పక్క స్ప్రింగు పట్టీలు ముందు కుంగుతాయి.

చదరంగా మూడడుగుల నేల ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. కొత్త ఔట్‌డోర్ తేవడానికో, పాత ఫ్రిజ్ షాపుకు తీసుకుపోవడానికో అది కావాలి. ఒకటిన్నర టన్ను ఔట్‌డోర్‌కు మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు జాగా సరిపోతుంది, బరువు 30 నుంచి 40 కిలోల దాకా ఉంటుంది. దాన్ని నిలబెట్టే తీసుకుపోవాలి. పడుకోబెడితే కంప్రెసర్‌లోని ఆయిల్ పైపుల్లోకి పారుతుంది, ఆ వెంటనే ఆన్ చేస్తే ఆయిల్ లేకుండా తిరిగి దెబ్బతింటుంది. ఫ్రిజ్‌ది కూడా ఇదే సంగతి. తప్పక పడుకోబెట్టాల్సి వస్తే దించాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి ఆ తర్వాతే కరెంటు ఇవ్వండి. ఈకోలో పెద్ద ఫ్రిజ్ నిలబడదు, ఆ పనికి వేరే ట్రాలీ మాట్లాడుకోవడమే మేలు.

మూడో మెట్టు: అరలు

ఒక అంగుళం చదరపు ఇనుప పైపుతో ఫ్రేము, దాని మీద 12 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్. మామూలు ప్లై ఒక వానాకాలానికే పొరలు విడిపోతుంది. ఫ్రేమును బండి బాడీకి బోల్టులతో బిగించాలి, ఊరికే నిలబెడితే బ్రేకు వేసినప్పుడు మొత్తం ముందుకొస్తుంది. రంధ్రం వేసే ముందు బండి కిందికి వంగి చూడండి. డీజిల్ ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు ఎక్కడెక్కడ పోతున్నాయో చాక్‌పీసుతో గుర్తు పెట్టుకున్నాకే డ్రిల్లు పెట్టాలి. నట్లు నైలాక్ రకానివే (లోపల నైలాన్ వలయం ఉండేవి) వాడాలి. మామూలు నట్టూ వాషరూ పర్కాల దారిలో నెల తిరగకముందే వదులవుతాయి.

ప్రతి అర ముందు అంచుకు రెండు అంగుళాల పట్టీ కొట్టించండి. అరను గోడవైపుకు కాస్త వాలుగా, అడుగు లోతుకు ఒక అంగుళం వాలు చొప్పున పెడితే బ్రేకుకూ మలుపుకూ సామాను జారదు. అర మీద 5 మి.మీ. రబ్బరు మ్యాటు పరిస్తే చప్పుడు కూడా తగ్గుతుంది.

ఛానెల్ మీద నడిచే సొరుగులు మాకు నచ్చవు. ఇంట్లో బాగుంటాయి. కరీంనగర్ వైపు గ్రానైటు దుమ్ము పట్టిందంటే ఛానెల్‌లోని గోళీలు బిగుసుకుపోతాయి, లాగితే సగంలో ఆగుతుంది, మలుపులో అదే తెరుచుకుంటుంది. వాటి బదులు కూరగాయల మార్కెట్లో వాడే ప్లాస్టిక్ క్రేట్లు పెట్టండి. జాలీ ఉంటుంది కాబట్టి దుమ్ము కిందికి రాలిపోతుంది, బయటి నుంచే లోపలేముందో కనిపిస్తుంది, మొత్తం క్రేటునే ఎత్తుకుని పైకి పోవచ్చు. క్రేటు కొలత ముందే తీసుకుని ఆ కొలతకు అర కట్టించండి. ముందు అర కట్టించి తర్వాత క్రేటు వెతికితే అర అంగుళం తేడాతో పట్టదు.

నాలుగో మెట్టు: గ్యాస్ సిలిండర్లు. ఇక్కడ తొందర పనికిరాదు

బండిలో ప్రాణానికి ముప్పు తెచ్చేది ఇదొక్కటే, అందుకే కొంచెం విడమరిచి చెప్పాలి.

మే నెలలో సుబేదారిలో ఎండలో నిలబెట్టిన మూసిన బండి లోపల 50 డిగ్రీలు దాటడం మామూలే. ఏసీ, ఫ్రిజ్‌లలో నింపే గ్యాసుల సిలిండర్ లోపలి ప్రెషరు గ్యాస్ ఎంత మిగిలిందన్నదాన్ని బట్టి కాదు, వేడిని బట్టి ఉంటుంది. ద్రవం ఒక్క చెంబెడు మిగిలినా ప్రెషరు అంతే. 50 డిగ్రీల దగ్గర ఆర్-134ఏ సుమారు 175 పీఎస్‌ఐ, ఆర్-22 సుమారు 265, ఆర్-410ఏ సుమారు 430, ఆర్-32 సుమారు 440 చూపిస్తాయి. పాత ఆర్-22 గేజు పైపులు ఆర్-32కు ఎందుకు పనికిరావో ఈ అంకెలే చెబుతాయి. ఆర్-32, ఆర్-410ఏలకు 800 పీఎస్‌ఐ పని ప్రెషరు అని రాసి ఉన్న పైపులు ఉండాలి.

సిలిండర్లను 52 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఎండాకాలం బండిని నీడలో ఆపడం, వెనక తలుపు గాలి ఆడేలా ఉంచడం మొదటి జాగ్రత్త. చెట్టు నీడ దొరకని వీధిలో సిలిండర్ల మీద తడి గోనెసంచి కప్పితే వేడి చాలా తగ్గుతుంది. అయితే నీళ్లు అడుగున నిలిచి తుప్పు పట్టకుండా సిలిండర్ కింద రెండు చెక్క పట్టీలు వేయాలి. నీళ్లు కరెంటు సామాను వైపు పారకూడదు. చలికాలం గ్యాస్ ఎక్కడం లేదని సిలిండర్‌కు పైపులు అతికే గ్యాస్ టార్చి మంట చూపించే అలవాటు కొందరికి ఉంది. ఆ పని ఎప్పుడూ చేయవద్దు. గోరువెచ్చని నీళ్ల బకెట్టు చాలు.

ఆర్-32కు మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది. ఫ్రిజ్‌లలో వచ్చే ఆర్-600ఏ, కొన్ని ఏసీల్లో వచ్చే ఆర్-290, టార్చికి వాడే ఎల్‌పీజీ బాగా మండేవి. ఇవన్నీ గాలి కంటే బరువైనవి, లీకైతే నేల మీదే పరుచుకుంటాయి. అందుకే మూసిన బాడీ ఉన్న బండికి పైన కిటికీ ఉన్నంత మాత్రాన చాలదు. నేలకు ఆనుకుని కనీసం రెండు గాలి రంధ్రాలు, నాలుగంగుళాలవి, జాలీ బిగించినవి ఉండాలి. పొద్దున బండి తలుపు తెరిచాక వెంటనే లోపలి లైటు వేయకుండా రెండు నిమిషాలు ఆగండి. ఛార్జర్లు, ఇన్వర్టరు ఈ గదిలో అసలే ఉండకూడదు, వాటి జాగా ముందు క్యాబిన్. సిలిండర్లు మాత్రం క్యాబిన్‌లోకి రాకూడదు. ఈకోలో డ్రైవరు వెనకే గ్యాస్ ఉంటుంది కాబట్టి మధ్యలో గాలి చొరబడని రేకు గోడ తప్పనిసరి.

కట్టే పద్ధతి: అన్నీ నిలబెట్టి, కింది నుంచి మూడో వంతు ఎత్తులో ఒకటి, పై నుంచి మూడో వంతులో ఒకటి, రెండు రాచెట్ బెల్టులు. ఒక్క బెల్టు వేస్తే సిలిండర్ అడుగు జారి పక్కకు ఒరుగుతుంది. నైట్రోజన్ సిలిండర్‌లో 150 బార్ దాకా ఉంటుంది. దారిలో ఉన్నప్పుడు దానికి రెగ్యులేటర్ తగిలించి ఉంచకూడదు. రెగ్యులేటర్ విప్పి, వాల్వు మీద టోపీ బిగించి, రెగ్యులేటర్‌ను స్పాంజి వేసిన డబ్బాలో పెట్టాలి. వాల్వు విరిగితే సిలిండర్ రాకెట్టులా దూసుకుపోతుంది.

ఆక్సిజన్ సిలిండర్ ఉంటే దాన్ని ఎల్‌పీజీకి ఎదురు మూలన కట్టండి. దాని రెగ్యులేటర్‌కు, దారాలకు ఆయిల్ గానీ గ్రీజు గానీ తగలకూడదు, ఎక్కువ ప్రెషరు ఆక్సిజన్‌లో ఆయిల్ తనంతట తానే అంటుకుంటుంది. మన చేతులు, గుడ్డలు ఎప్పుడూ కంప్రెసర్ ఆయిల్‌తోనే ఉంటాయి కాబట్టి ఆక్సిజన్ రెగ్యులేటర్‌ను వ్యాక్యూమ్ పంపు ఆయిల్ ఉన్న క్రేటులో ఎప్పుడూ పెట్టవద్దు. ఇదే కారణంతో లీకు చూడడానికి నైట్రోజన్ బదులు ఆక్సిజన్ ఎక్కించడం ఆత్మహత్యతో సమానం. నైట్రోజన్ అయిపోయిందని ఆక్సిజన్ వైపు చెయ్యి పోయే రోజు రాకుండా ఉండాలంటే నైట్రోజన్ నిండుగా ఉందో లేదో వారానికోసారి చూసుకోవడమే మార్గం.

ప్రతి సిలిండర్ మెడకు ఒక అట్ట ముక్క కట్టి మూడు అంకెలు రాయండి: ఖాళీ బరువు, నిండు బరువు, ఇవాళ్టి బరువు. ఇవాళ్టిది పెన్సిలుతో. రికవరీ సిలిండర్‌కు, అంటే యంత్రంలోంచి లాగిన గ్యాస్ నింపేదానికి, ఇది ఇంకా అవసరం. దాన్ని 80 శాతానికి మించి నింపకూడదు, వేడికి ద్రవం ఉబ్బినప్పుడు లోపల ఖాళీ లేకపోతే సిలిండర్ పగులుతుంది. ఏ గ్యాస్ లాగామో కూడా పెద్ద అక్షరాల్లో రాయాలి, రెండు రకాలు కలిస్తే ఆ మొత్తం ఇక దేనికీ పనికిరాదు.

మంటలార్పే ఏబీసీ పౌడరు సిలిండర్, కనీసం 2 కిలోలది, వెనక తలుపు పక్కనే ఉండాలి. సిలిండర్ల వెనక పెడితే మంట దాటి పోయి తెచ్చుకోవాల్సి వస్తుంది.

ఐదో మెట్టు: సున్నితమైన పరికరాలు

వ్యాక్యూమ్ పంపు నిలబడే ఉండాలి, ఒరిగితే ఆయిల్ పోర్టుల్లోంచి కారుతుంది. నోటి దగ్గర మూత ఎప్పుడూ బిగించి ఉండాలి. పంపుకుండే కిటికీ గాజులోంచి ఆయిల్ మజ్జిగలా తెల్లగా కనిపిస్తే అందులో తేమ చేరినట్టు. ఆ ఆయిల్‌తో ఎంతసేపు తిప్పినా 500 మైక్రాన్ల (లోపల ఎంత గాలి మిగిలిందో చెప్పే కొలత) కిందికి దిగదు, అప్పుడు లేని లీకును వెతుక్కుంటూ కూర్చోవాల్సి వస్తుంది. జూలై, ఆగస్టుల్లో ఇది ఎక్కువ. పంపు పక్కనే అర లీటరు కొత్త ఆయిల్ సీసా, పాత ఆయిల్ పోయడానికి ఖాళీ సీసా, రెండిటికీ వేర్వేరు రంగు మూతలు.

గేజులు రెండు జతలు ఉంచండి. ఆర్-22కు ఒకటి, ఆర్-32, ఆర్-410ఏలకు మరొకటి, హ్యాండిల్‌కు రంగు టేపు చుట్టి. ప్రెషరు తేడా ఒక కారణమైతే, ఆయిల్ ఇంకో కారణం. ఆర్-22 యంత్రాల్లో ఎక్కువగా మినరల్ ఆయిల్ ఉంటుంది, కొత్త గ్యాసుల్లో పీఓఈ అనే కృత్రిమ ఆయిల్. పైపు లోపల మిగిలిన చుక్కలు అటూఇటూ కలవకూడదు. పీఓఈ గాలిలోని తేమను ఇట్టే పీల్చుకుంటుంది, కాబట్టి ఆ పైపుల చివర్లకు టోపీలు తప్పనిసరి.

గ్యాస్ తూచే కాటా మీద ఏమీ పేర్చవద్దు. లోపలి లోడ్ సెల్ వంగితే అది ఎప్పటికీ తప్పు చూపిస్తూనే ఉంటుంది, చూపుకు మాత్రం మంచిగానే కనిపిస్తుంది. ఆర్-600ఏ ఫ్రిజ్‌లో పట్టేదే 50 గ్రాముల అటూఇటూ. అక్కడ 10 గ్రాముల తప్పంటే 20 శాతం తేడా. ఫ్రిజ్ పనులకు గ్రాము చూపించే చిన్న కాటా వేరేగా ఉంచుకోండి.

క్లాంప్ మీటరు, థర్మామీటరు డ్యాష్‌బోర్డు మీద వదిలేస్తే ఎండకు డిస్‌ప్లే నల్లబడుతుంది. టార్క్ పానాను (ఎంత బిగించామో కొలిచేదాన్ని) పని అయ్యాక కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టాలి, లేకపోతే స్ప్రింగు సాగి కొలత తప్పుతుంది. డబ్బా మూతకు లోపలివైపు ఈ అంకెలు అంటించండి: కాపర్ పైపు చివర బిగించే ఫ్లేర్ నట్టుకు, పావు అంగుళానికి 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, మూడు సూత్‌లకు (సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) 34 నుంచి 42, అర అంగుళానికి 49 నుంచి 61, ఐదు సూత్‌లకు 68 నుంచి 82.

ఆరో మెట్టు: నాలుగు సంచులు

బండి మొత్తంలో పనిని మార్చేది ఇదే. పెద్ద టూల్‌బాక్సు ఒక్కటి పెట్టుకుంటే 20 కిలోలు ఉంటుంది, ఎవరూ పైకి మోయరు, అందులోంచి నాలుగు వస్తువులు జేబుల్లో వేసుకుని పోతారు, ఐదోది కింద మిగిలిపోతుంది. దాన్ని పనినిబట్టి చీల్చండి.

చూపు సంచి ప్రతి పనికీ పైకి పోతుంది, 8 కిలోలు దాటకూడదు. అందులో: క్లాంప్ మీటరు, టెస్టరు, థర్మామీటరు, ఒక జత గేజులు, 4, 5, 8 మి.మీ. ఎలెన్ కీలు, స్టార్, మైనస్ స్క్రూడ్రైవర్లు పొడవువి ఒకటి పొట్టివి ఒకటి, కటింగ్ ప్లేయరు, 8 అంగుళాల, 10 అంగుళాల రెండు స్క్రూ పానాలు, టేపు, టార్చిలైటు, సబ్బు నీళ్ల సీసా, పాత గుడ్డలు, ఎక్కువగా పోయే కెపాసిటర్లు నాలుగు, అరలీటరు డబ్బాలో రకరకాల స్క్రూలు. రెండు పానాలు ఎందుకంటే ఫ్లేర్ నట్టు విప్పేటప్పుడు ఒకదానితో పట్టకపోతే కాపర్ పైపు మెలితిరుగుతుంది. కెపాసిటర్ ఛార్జి తీయడానికి 20 వేల ఓముల, 5 వాట్ల రెసిస్టరుకు రెండు వైర్లు అతికించి ఈ సంచిలోనే ఉంచండి. స్క్రూడ్రైవరు అడ్డం పెట్టి ఠప్పుమనిపిస్తే కెపాసిటర్ లోపలి అతుకు దెబ్బతింటుంది, కళ్లలో నిప్పు కూడా పడవచ్చు.

కాపర్ సంచి గ్యాస్ పని ఉన్నప్పుడే పోతుంది. కట్టరు, లోపలి అంచు గీకే రీమరు, ఫ్లేరింగ్ సెట్టు, స్వేజింగ్, బెండరు, టార్క్ పానా, చిన్న సీసాలో పీఓఈ ఆయిల్, ఎమరీ కాగితం, గ్యాస్ టార్చి, అగ్గి, బ్రేజింగ్ రాడ్లు. కాపర్‌కు కాపర్ అతకడానికి కాపర్-ఫాస్ఫరస్ రాడ్లు చాలు, ఫ్లక్సు అక్కరలేదు. ఇనుప పైపుకు కాపర్ అతికేటప్పుడు మాత్రం అవి పనికిరావు, అతుకు పెళుసై కంపనానికి పగులుతుంది. దానికి 35 శాతానికి తక్కువ కాని వెండి రాడ్డు, ఫ్లక్సు. రెండు రాడ్లను ఒకే కట్టలో ఉంచవద్దు. అడుగున్నర పీవీసీ పైపు ముక్కలు రెండు, వేర్వేరు రంగు మూతలతో, చాలా చవకగా ఆ గొడవ తీరుస్తాయి.

గోడ సంచిలో హ్యామర్ డ్రిల్లు, 6, 8, 10, 12 బిట్లు, 65 మి.మీ. కోర్ బిట్టు, ఉలి, సుత్తె, నీటిమట్టం (స్పిరిట్ లెవెల్), యాంకర్ బోల్టులు, దుమ్ము పట్టడానికి పాత బెడ్‌షీటు, ఎత్తు పనికి సేఫ్టీ బెల్టు, తాడు. వాటర్ సర్వీసు సంచిలో జెట్ పంపు, పైపు, ఇన్‌డోర్‌కు కట్టే కవర్, బ్రష్షులు, బకెట్టు. ఈ సంచి తడిగానే తిరిగి వస్తుంది కాబట్టి ఇది తలుపు దగ్గర, నీళ్లు బయటికి కారే చోట ఉండాలి. దీని పక్కన పీసీబీలు పెట్టిన బండ్లు చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఏడో మెట్టు: స్పేర్ల డబ్బా

అరలు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బాలు రెండు: ఒకటి ఏసీకి, ఒకటి ఫ్రిజ్‌కు. ప్రతి అర మీద మార్కరుతో వస్తువు పేరు, దాని కింద ఒక అంకె. అంకె అంటే అంతకు తక్కువ ఉండకూడదని.

ఏసీ డబ్బాకు ఒక మొదటి లెక్క: ఫ్యాన్ కెపాసిటర్లు 2.5, 4, 6 ఎంఎఫ్‌డీవి (మైక్రోఫ్యారడ్లవి) మూడేసి; కంప్రెసర్‌వి 36, 45, 50 మూడేసి, 60 రెండు, అన్నీ 440 వోల్టులవే. పావు, మూడు సూత్, అర అంగుళం ఫ్లేర్ నట్లు ఆరేసి, ఐదు సూత్‌ది నాలుగు. 16 ఆంప్స్ ప్లగ్గులు రెండు, టెర్మినల్ బ్లాకులు రెండు, వైరు థింబుల్స్ గుప్పెడు. ఔట్‌డోర్ ఫ్యాన్ మోటరు, యూనివర్సల్ పీసీబీ ఒక్కొక్కటి చాలు. ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజీ పడిపోయే ఊళ్లలో కెపాసిటర్లు, టెర్మినళ్లు ఎక్కువ కాలతాయి, మార్చి నుంచి జూన్ దాకా ఆ అంకెలు రెట్టింపు చేయండి. కెపాసిటర్ మీద కొన్న నెల రాయండి. వేడిలో ఊరికే ఉన్నా వాటి ఆయుష్షు తగ్గుతుంది. వేసే ముందు మీటరుతో ఒకసారి కొలిస్తే కొత్తదే చెడ్డదని తర్వాత తెలుసుకునే బాధ తప్పుతుంది.

ఫ్రిజ్ డబ్బాలో పీటీసీ రిలేలు, ఓవర్‌లోడ్‌లు, థర్మోస్టాట్, డీఫ్రాస్ట్ టైమరు, బైమెటల్, థర్మల్ ఫ్యూజు, డోర్ స్విచ్, ఛార్జింగ్ వాల్వులు, 31, 36 నంబర్ల క్యాపిలరీ (చాలా సన్నని కాపర్ పైపు) పది అడుగులేసి, గ్యాస్‌లోని తేమ పీల్చే ఫిల్టర్ డ్రయర్లు. డ్రయరు సీలు తీయడం అతికే నిమిషంలోనే. సీలు తెరిచి డబ్బాలో పడేసినది గాలిలోని తేమతోనే నిండిపోతుంది. దాన్ని వాడితే క్యాపిలరీ చివర మంచు గడ్డకట్టి, ఫ్రిజ్ కాసేపు చల్లబడి కాసేపు ఆగుతుంది, మూడోసారి పిలిచాక గానీ కారణం దొరకదు.

ములుగు హన్మకొండకు దాదాపు 50 కిలోమీటర్లు, ఏటూరునాగారం అంతకు రెట్టింపు. 40 కిలోమీటర్లు దాటే పిలుపుకు బయల్దేరే ముందు ఫోన్‌లోనే మూడు అడగండి: మోడల్ స్టిక్కరు ఫోటో పంపమనండి, ఔట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతోందా, ఇన్‌డోర్ లైటు ఎన్నిసార్లు మెరుస్తోంది. ఆ జవాబును బట్టి ఒక దూరపు క్రేటు వేరేగా నింపుకోవాలి. స్పేరు కోసం మళ్లీ హన్మకొండ రావాల్సి వస్తే ఆ పనిలో మిగిలేదేమీ ఉండదు.

ఎనిమిదో మెట్టు: పొడుగువి

కాపర్ కాయిలు పడుకోబెట్టే ఉండాలి. కొక్కేనికి వేలాడదీస్తే కుదుపుకు సాగి, ఒత్తుకుపోయి, విప్పేటప్పుడు నొక్కులు పడతాయి. చివర్లకు టోపీ లేదా టేపు, లోపలికి దుమ్ము పోతే అది క్యాపిలరీ దాకా చేరుతుంది. మిగిలిన ముక్కలకు నాలుగు అంగుళాల పీవీసీ పైపు ఏడడుగులది పైన క్యారియర్‌కు కట్టి, రెండు చివరలా మూతలు పెట్టండి, ఒక మూతకు తాళం. కాపర్ స్క్రాపు సంచి కూడా తాళం లోపలే.

నిచ్చెన క్యారియర్‌కు మూడు చోట్ల కట్టాలి. ముందు కట్టు ముఖ్యం, గాలి అక్కడే ఎత్తుతుంది.

రోజూ సాయంత్రం పది నిమిషాలు

చివరి పని అయ్యాక షాపు ముందు బండి ఆపి, ఇంటికి పోకముందే: వాడిన స్పేర్లు పుస్తకంలో రాయడం, సిలిండర్లు తూచి పెన్సిలు అంకె మార్చడం, ఎల్‌పీజీ వాల్వు చేత్తో తిప్పి మూసి ఉందో లేదో చూడడం, తడి సంచి బయట ఆరేయడం, డ్రిల్లు, మీటరు బ్యాటరీలు షాపులో ఛార్జింగు. ఇంతే. పొద్దున చేద్దామనుకుంటే పొద్దునే మూడు ఫోన్లు వస్తాయి, పని మిగిలిపోతుంది. శనివారం బెల్టులు, నైలాక్ నట్లు చూసి, టార్చి పైపుకు సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. పైపు మీద పగుళ్లు కనిపిస్తే అతుకులు వేయవద్దు, మార్చండి.

ఫిబ్రవరిలో వాటర్ సర్వీసు సామాను, కెపాసిటర్లు పెంచి ఫ్రిజ్ డబ్బాను వెనక్కి జరపండి. జూన్‌లో వాన మొదలు కాగానే డ్రమ్ము సగానికి తగ్గించి, పీసీబీల డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేయండి.

అంతా సర్దాక ఒక పరీక్ష పెట్టండి. మీరు మేడ మీదుండి, కొత్తగా చేరిన హెల్పర్‌ను బండి దగ్గరికి పంపండి. "అన్నా, యాభై కెపాసిటర్ ఏడున్నది?" అని ఫోన్ చేస్తాడు. "ఎడమ పక్క, రెండో అర, పసుపు మూత డబ్బా" అని ఒక్క ముక్కలో చెప్పగలగాలి, అతను నిమిషంలో తీయగలగాలి. ఇట్లా పది వస్తువులు అడగండి. చెప్పడానికి రెండో ముక్క అవసరమైన ప్రతి వస్తువుకూ జాగా మార్చి, పదిహేను రోజుల తర్వాత మళ్లీ పదీ అడగండి.